నిత్యదుఃఖి పాట: ఒక శోకగీతం చరిత్ర

శోకగీతాన్ని గురించి మనలో చాలామందికి ఒక స్థిరమైన అభిప్రాయం వుంది. అది ఓడిపోయినవాడి పాట అనీ, యేడిపించి వూరుకుంటుందనీ, శ్రామికుడు తన తలరాతకు తలవొగ్గేటట్టు చేస్తుందనీ. యీ మాటలో నిజం లేకపోలేదు. గాని ఒక పాట యెక్కడ పుట్టిందో, యెవరి నోట పడి యేమయిందో చూడకుండా తీర్పు చెప్పడం చరిత్ర తెలిసినవాళ్ళు చేయవలసిన పని కాదు. అమెరికాలో అపలాచియన్ కొండల నుంచి వచ్చిన "మేన్ ఆఫ్ కాన్‌స్టంట్ సారో" అనే పాట వుంది. అనగా, దుఃఖం తప్ప మరొకటి యెరగని మనిషి తన కథ తాను చెప్పుకునే పాట. వాళ్ళు "కంట్రీ" సంగీతం అనేదానిలో యింత పేరుపొందిన శోకగీతాలు కొద్ది.

డిక్ బర్నెట్ 1883లో కెంటకీ రాష్ట్రంలో మాంటిచెల్లో దగ్గర పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. 1907లో ఒక దొంగ ముఖం మీద తుపాకి కాల్చడంతో చూపు పోయింది. ఆ తరువాత అతనికి పాటే కూడుపెట్టింది. వూరూరా తిరిగి వాయించి, పాడి, చిల్లర డబ్బులు యేరుకున్నాడు. 1913 ప్రాంతంలో ఒక చిన్న పాటల పుస్తకం అచ్చువేయించి అమ్ముకున్నాడు. అందులో యీ పాట "వీడుకోలు పాట" అనే పేరుతో వుంది. తన కళ్ళు పోయి ఆరేళ్ళయిందని పాటలోనే చెప్పుకున్నాడు. 1907కు ఆరు కలిపి చూడండి, లెక్క సరిపోతుంది.

అయితే పాట అతనిదేనా? ముసలితనంలో అడిగితే బర్నెట్ తేల్చి చెప్పలేకపోయాడు. తానే కట్టాడో, యెవరి దగ్గరనుంచో వచ్చిందో అతనికి జ్ఞాపకం లేదు. పాత బాప్టిస్టు కీర్తనల పోలికలు అందులో వున్నాయని పరిశోధకులు చూపారు. ఇంగ్లండు నుంచి వచ్చిన సేకర్త సెసిల్ షార్ప్ 1918లో వర్జీనియాలో యిటువంటి పాటనే వ్రాసుకున్నాడు. జానపద గేయానికి కర్త యెవరని నిలదీయడం పుస్తకాలకు అలవాటుపడ్డ మన బుద్ధి చేసే పని. బర్నెట్ యిచ్చిన జవాబు మనం అడిగే ప్రశ్న కంటే నిజాయితీగా వుంది.

1928లో బర్నెట్ స్నేహితుడైన ఎమ్రీ ఆర్థర్ యీ పాటను వొకాలియన్ కంపెనీకి పాడి గ్రామఫోను రికార్డు యిచ్చాడు. పాటకు నేటి పేరు స్థిరపడింది ఆ రికార్డుతోనే. కొండవాళ్ళ పాటలకు అప్పటి కంపెనీలవారు పెట్టిన పేరు "హిల్‌బిల్లీ". అందులో వెటకారం వుంది. సరుకును చులకన చేస్తూనే అమ్ముకునే విద్య వ్యాపారికి కొత్త కాదు.

యిక్కడ కథలోకి సారా ఓగన్ వస్తుంది. 1910లో కెంటకీలోనే ఒక బొగ్గుగని కార్మికుడి యింట పుట్టింది. భర్త ఆండ్రూ ఓగన్ గనిపనివాడు. అక్క మోలీ జాక్సన్, అన్న జిమ్ గార్లండ్ యిద్దరూ పాటలు కట్టినవాళ్ళు, సంఘంలో పనిచేసినవాళ్ళు. 1931లో ఆ ప్రాంతపు హార్లన్ జిల్లా రక్తసిక్తమయింది. ఆ యేడు మే 5న ఎవర్ట్స్ దగ్గర కాల్పులు జరిగి మనుషులు చచ్చారు. నవంబరులో నవలాకారుడు థియొడోర్ డ్రైజర్ రచయితల బృందంతో వచ్చి విచారణ జరిపితే, మోలీ జాక్సన్ వాళ్ళ యెదుట సాక్ష్యం చెప్పి పాట కూడా పాడింది. కమ్యూనిస్టుల నాయకత్వంలోని నేషనల్ మైనర్స్ యూనియన్ పోరాటం ఆ యేటిదే. యిల్లు కంపెనీది, దుకాణం కంపెనీది. జీతం చాలాచోట్ల కంపెనీ దుకాణంలో తప్ప చెల్లని చీటీల రూపంలో వచ్చేది. ఆకలితో పోయిన తన బిడ్డను గురించి సారా ఒక పాటలో చెప్పుకుంది. భర్త క్షయతో 1938లో చనిపోయాడు.

ఆమె కొండలు విడిచి న్యూయార్కు చేరిన తరువాత, 1936 ప్రాంతంలో, యెప్పుడో విన్న గ్రామఫోను పాటను గుర్తుచేసుకుని "దుఃఖి అయిన ఆడపిల్ల" పాటగా మార్చింది. మొదటి చరణం పాతదే. తల్లినీ, పుట్టినచోటునూ విడిచిన బాధ. ఆ పైన పాట గనివాడ వంటింట్లోకి నడుస్తుంది. పొద్దున పిండితో కాచిన పలచని పులుసు. రాత్రి చిక్కుడుగింజలూ రొట్టె. మధ్యాహ్నం భోజనమే లేదు. పక్క అంటే గడ్డిపరుపు. గనిపనివాళ్ళు యేమి తింటారో, యేమి కడతారో మీకు తెలుసా అని వినేవాళ్ళను నిలదీసి, ఆమె యీ జాబితా చదివి వినిపిస్తుంది. రాగం మారలేదు, యేడుపూ పోలేదు. మారింది దుఃఖానికి కారణం. బర్నెట్ పాటలో అది ఒంటరి మనిషి విధి, సారా పాటలో కొలవదగిన ఆకలి. దీన్ని ఓటమి అనగలమా? 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను పట్టుకుని చేసినదాన్ని యెరిగినవారికి యీ మార్పు యెలాంటిదో వివరించనక్కర్లేదు.

అలన్ లోమాక్స్ 1937లో ఆమె పాటలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసుకు రికార్డు చేశాడు. తరువాత ఆమె చాలా యేళ్ళు మరుగునపడింది. 1965లో సారా ఓగన్ గన్నింగ్ అనే పేరుతో ఆల్బం వచ్చినప్పుడు దాని పేరు యీ పాటదే. గాని అదే ఆల్బంలోని మరొక పాటలో "పెట్టుబడిదారీ వ్యవస్థ" అనే మాట వుండవలసినచోట "కంపెనీ యజమానులు" వచ్చి కూర్చుంది. ఆమెను తప్పుపట్టను. కమ్యూనిస్టు అనే అనుమానం చాలు ఉద్యోగాలు వూడేందుకు అన్న కాలాన్ని ఆ దేశం అప్పుడే దాటి వచ్చింది.

మగవాడి పాట మాత్రం వేరే దారిన పోయింది. స్టాన్లీ సోదరులు 1950లో కొలంబియాకు పాడారు. రాల్ఫ్ స్టాన్లీ దాన్ని తండ్రి నోట విన్నాడు. వారి పాటలో గుడ్డితనం పోయి ఉత్త "కష్టాలు" మిగిలాయి. యెవరికైనా సరిపోయే కష్టాలు. పాట అందరికీ అందింది అందువల్లనే కాబోలు. 1961లో జూడీ కాలిన్స్, 1962లో బాబ్ డిలన్ తమ తమ మొదటి ఆల్బములలో పాడారు.

2000లో "ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?" అనే హాస్యచిత్రం వచ్చింది. ఆర్థిక మాంద్యపు రోజుల్లో జైలునుంచి పారిపోయిన ఖైదీలు కొన్ని డాలర్ల కోసం ఒక రికార్డింగు గదిలో యీ పాట పాడతారు. వాళ్ళకు తెలియకుండానే అది దేశమంతా మోగిపోతుంది. చిత్రంలో వినిపించే గొంతు డాన్ టిమిన్‌స్కీది. 2002లో పాటకూ, ఆ పాటల ఆల్బముకూ గ్రామీ బహుమతులు వచ్చాయి. బర్నెట్ 1977లోనూ, సారా 1983లోనూ పోయారు. ఆ చిత్రంలో గనివాడ లేదు, గడ్డిపరుపూ లేదు. ఆ చరణాలు వినాలంటే సారా ఆల్బం వెతుక్కోవలసిందే.