పాలమూరు, నల్లగొండ మందల్లో పారుడు రోగం

గొర్రెలకు, మేకలకు వచ్చే పీపీఆర్ అనే వైరస్ జబ్బును కాపరులు పారుడు అంటారు. జ్వరం, ముక్కు కారడం, నోటి పుండ్లతో మొదలై చివరికి విరేచనాలు పట్టుకుంటాయి. ఒంట్లో నీరంతా పోయి జీవం కూలబడుతుంది. దెబ్బ తగిలేది పేగుకని కాపరులు పెట్టిన పేరులోనే ఉంది.

వానాధారపు సేద్యం నమ్మకం లేని పాలమూరు, నల్లగొండ మెట్ట నేలల్లో గొల్ల, కురుమల కుటుంబాలకు మందే ఆస్తి. కురుమలు నల్ల దక్కనీ గొర్రెల ఉన్నితో గొంగళ్లు నేశారు. ఎండాకాలంలో మేత కరువైతే మందలు కృష్ణా తీరానికి, నల్లమల వైపు సాగేవి. కోతలైన చేలల్లో రాత్రికి మందను ఆపించుకున్న రైతు ఎరువుకు బదులుగా గింజలో డబ్బులో ఇచ్చేవాడు. ఇన్ని బతుకులను నిలిపిన ఈ వలసే రోగానికీ దారి ఇచ్చింది. నీళ్ల దగ్గర రెండు మందలు కలిస్తే చీమిడి, చొంగ, పేడల ద్వారా వైరస్ అంటుకుంటుంది.

పారుడును చాలాకాలం పశువులకు వచ్చే ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) గానే లెక్కించారు. రెండు వైరస్‌లదీ ఒకే కుదురు, లక్షణాలూ దగ్గరివే. పారుడు వేరే జబ్బని 1942లో ఐవరీ కోస్ట్‌లో గుర్తించారు. మన దేశంలో అది మొదట రుజువైంది 1987లో, తమిళనాడులోని అరసూరులో. ఆ తర్వాత కొన్నేళ్లు ఎక్కువగా దక్షిణాదిలోనే కనిపించింది. ముసర మాత్రం టీకాలతో అంతరించింది. దేశంలో చివరి కేసు 1995లో నమోదైంది. 2011లో ప్రపంచమే దాని నుంచి విముక్తమైనట్లు ప్రకటించారు.

పారుడు వైరస్ మొదట రోగనిరోధక కణాల్లో పెరిగి, అక్కడి నుంచి పేగు లోపలి పొరకు చేరుతుంది. వైరస్ పైనున్న హెచ్ ప్రొటీన్, పేగు కణం మీది నెక్టిన్-4 అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. ఎఫ్ ప్రొటీన్ వైరస్ పొరనూ కణం పొరనూ కలిపేసి లోపలికి దారి తీస్తుంది. ఇక కణం తన కోసం దాచుకున్న శక్తి, అమైనో ఆమ్లాలు, న్యూక్లియోటైడ్లు వైరస్ ప్రతుల తయారీకే ఖర్చవుతాయి. చుట్టుపక్కల కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని వైరస్ తాలూకు వీ ప్రొటీన్ అడ్డుకుంటుంది. పక్కపక్క కణాలు కలిసిపోయి ముద్దలవుతాయి, చివరికి చచ్చి రాలిపోతాయి. మేత సారాన్ని, ఉప్పును, నీటిని పీల్చుకోవలసిన పొర చెడితే మిగిలేది పారుడే.

ఈ వైరస్‌ను చంపే మందు లేదు. విరేచనాలు పట్టిన జీవానికి ద్రవాలు ఎక్కించడం, తోడయ్యే బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్స్ ఇవ్వడం వరకే వైద్యం. అందుకే టీకా మీదే భారమంతా. భారతీయ పశువైద్య పరిశోధన సంస్థ సుంగ్రి-96 అనే దేశీ వైరస్ రకం నుంచి తయారుచేసిన టీకా ఒక్క డోసుతో కనీసం మూడేళ్లు కాపాడుతుంది. 2030 కల్లా పారుడును లోకం నుంచే తుడిచేయాలన్న లక్ష్యాన్ని 2015లో ప్రకటించారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీపై పంచినప్పుడు పొరుగు రాష్ట్రాల జీవాలు కూడా ఈ మందల్లో కలిశాయి. బయటి నుంచి వచ్చిన వాటిని కొన్నాళ్లు విడిగా ఉంచడం, నాలుగు నెలలు దాటిన పిల్లలకు వలస బయలుదేరక ముందే టీకా వేయించడం కాపరి చేతిలో ఉన్న రక్షణ.