మంచుగడ్డల వర్తకుడు - ఆయన కుటుంబం

మంగినపూడి, గిలకలదిండి వాసులకు ఐసుగడ్డ కొత్త వస్తువు కాదు. అది లేనిదే చేపల వ్యాపారం సాగదు. అయితే ఒకప్పుడు మన మద్రాసు రాజధానికి ఐసు అమెరికా నుండి ఓడల మీద వచ్చేదంటే మనుమలు నమ్మరు. ఆ వ్యాపారం నడిపిన ఫ్రెడరిక్ ట్యూడర్ చరిత్ర మన సభ్యులు తెలుసుకోదగినది.

ఆయన 1783లో బోస్టన్ నగరంలో జన్మించాడు. తండ్రి విలియం ట్యూడర్ పేరున్న వకీలు, జార్జి వాషింగ్టన్ సైన్యంలో న్యాయాధికారిగా పనిచేసినవాడు. సోదరులు హార్వర్డులో చదివితే ఈయన చిన్నతనంలోనే వర్తకంలో దిగాడు. 1806లో చెరువులో గడ్డకట్టిన మంచును కోయించి మార్టినిక్ దీవికి తీసుకుపోతే ఊరంతా నవ్వింది. నష్టమే మిగిలింది. అప్పులు తీర్చలేక 1812లోను, 1813లోను జైలుకు వెళ్ళాడు. అయినా పట్టు విడువలేదు. మంచుగడ్డల మధ్య రంపపు పొట్టు కూరితే త్వరగా కరగదని గ్రహించాడు. 1825లో నథానియల్ వయత్ గుర్రాలతో లాగించే మంచుకోత పరికరం కనిపెట్టడంతో ఖర్చు బాగా తగ్గింది.

1833లో ‘టస్కనీ’ ఓడ 180 టన్నుల మంచుతో బయలుదేరింది. నాలుగు నెలల ప్రయాణం తరువాత కలకత్తా చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. 1842లో చెన్నపట్నం సముద్రతీరాన ఐస్ హౌస్ వెలిసింది. స్వామి వివేకానంద 1897లో బస చేసిన భవనం అదే. నేటి వివేకానందర్ ఇల్లం.

ఈలోగా కాఫీ వర్తకంలో రెండు లక్షల డాలర్లకు పైగా పోగొట్టుకున్నాడు. దివాలా తీసి తప్పుకోక, ఏళ్ళ తరబడి మంచు లాభాలతో బాకీలన్నీ తీర్చాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

ఇక సంసారం సంగతి. 1834లో, ఏబదియేళ్ళ వయసులో, యుఫీమియా ఫెనో అనే యువతిని వివాహమాడాడు. ఆరుగురు సంతానం. మనం పెన్షన్ లెక్కలు చూసుకునే వయసులో ఆయన పసిపిల్లల్ని ఎత్తుకున్నాడన్నమాట! సోదరి డెలియా నౌకాదళాధికారి చార్లెస్ స్టూవర్ట్‌ను పెళ్ళాడింది. వారి కుమార్తె కొడుకే ఐర్లండు హోంరూలు నాయకుడు పార్నెల్. 1916లో తిలక్, అనీబిసెంట్ మన దేశంలో ఎత్తుకున్న నినాదం ఆ హోంరూలే. జాతీయ కళాశాల వెలసిన బందరుకు ఆ మాట కొత్త కాదు.

ట్యూడర్ 1864 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. అదే ఏడాది నవంబరులో వచ్చిన ఉప్పెన బందరులో ముప్పైవేల మందిని పొట్టన పెట్టుకుంది. తరువాత ఐసు యంత్రాలు వచ్చి మంచు ఓడలు ఆగిపోయాయి. ఆ వ్యాపారం కరిగిపోయింది గాని, తీర్చిన బాకీ వల్ల వచ్చిన మంచిపేరు మాత్రం కరగలేదు.