వీసం ఇమిడింది, సెంటు ఇమడలేదు

దశాంశ పద్ధతితో భిన్నాల చిక్కు తీరిపోయిందని బడిలో చదువుకున్నాం. కంప్యూటర్ దగ్గర ఆ మాట చెల్లదు. తెలుగు కరణాల పాత లెక్కల్లో భిన్నాలన్నీ నాలుగు మీదే నడిచేవి: ఒకటిలో నాలుగో వంతు కాలు, కాలులో నాలుగో వంతు వీసం, వీసంలో నాలుగో వంతు కాని. వాటికి విడిగా గుర్తులుండేవి. 2008లో అవి యూనికోడ్‌లోకీ ఎక్కాయి. రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు కానీలు కూడా ఆ వరసే. సగం, సగంలో సగం అంటూ పోతే ఇవన్నీ దొరుకుతాయి కనుక, సున్నా, ఒకటి తప్ప తెలియని యంత్రంలో రవ్వంత తేడా లేకుండా ఇముడుతాయి. ఇమడనిది పదో వంతు. ఈ రెండు వరసలూ డబ్బులోనూ పొసగలేదు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చినప్పుడు అణా 6.25 పైసలైంది. సర్కారు పట్టికలో అణాకు 6, పావలాకు 25 అని సర్దారు. అణా సరుకు నాలుగుసార్లు కొంటే 24 పైసలు, నాలుగూ కలిపి కొంటే 25!

తొండూరు అనే ఊళ్ళో 30 సెంట్ల సర్వే నంబరును 10, 20 సెంట్లుగా విడగొట్టారనుకుందాం. ప్రోగ్రామరు వాటిని ఎకరాల్లో 0.10, 0.20 అని దశాంశాలుగా రాసి, కూడితే 0.30కి సమానమా అని అడిగితే యంత్రం కాదంటుంది. దాని లెక్కలో మొత్తం 0.30000000000000004. అంత చిన్న తేడాతో పొలానికి ఏం నష్టం అంటారా? పొలానికి ఏమీ కాదు. అయితే అవును, కాదు అనే జవాబుల మధ్య ‘దాదాపు’కు చోటు లేదు, పొలం పత్రం అక్కడే ఆగిపోతుంది. పైగా తేడా పోగుపడుతుంది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో అమెరికా పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థ, సెకనులో పదో వంతును 24 బిట్లకు కుదించి లెక్కపెట్టుకుంటూ, నూరు గంటలకు 0.34 సెకన్లు తప్పింది. వస్తున్న స్కడ్ క్షిపణిని అడ్డుకోలేదు. 28 మంది సైనికులు చనిపోయారు.

కొంత తేడాను సహించమంటే సరిపోదా? సరిపోదు. అప్పుడు క, ఖ సమానం, ఖ, గ సమానం, క, గ మాత్రం కాకపోవచ్చు. అలాగని పాత పద్ధతికి దండం పెట్టాల్సిన పనీ లేదు. నాలుగు మీద నడిచే భిన్నాలతో మూడో వంతు తెగదు. అణాకు పన్నెండు పైలు పెట్టాక గానీ రూపాయి మూడు సమభాగాలు కాలేదు. కనుక సెంట్లను 10, 20, 30 అని పూర్ణాంకాలుగానే దాచాలి. ఎకరాన్ని ముగ్గురన్నదమ్ములు పంచుకుంటే 33, 33, 34. ఆ మిగిలిన సెంటు, అంటే 48.4 చదరపు గజాలు, ఎవరిదో వాళ్ళే తేల్చుకుని పత్రంలో రాయించుకోవాలి. ఆ పని ప్రోగ్రాముకు వదలకూడదు.