గోదావరి వరద: ఒక కొలబద్ద, అనేక శాఖలు

గోదావరి పొంగినప్పుడు నీటిపారుదల, రెవెన్యూ, పోలీసు, వైద్య శాఖలు ఒకేసారి కదలడానికి ఆధారం నది ఒడ్డున నీటిమట్టం చూపే కొలబద్దే. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల వద్ద, ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగుల వద్ద వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు వెలువడతాయి. రెండు చోట్లా కొలత మొదలయ్యే మట్టం వేరు కనుక ఈ అంకెలను ఒకదానితో ఒకటి పోల్చకూడదు.

ఈ ఏర్పాటు వెనుక డెల్టా చరిత్ర ఉంది. 1852 నాటికి ధవళేశ్వరం వద్ద ఇంజనీరు ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట పూర్తయి కాలువల కింద సాగు విస్తరించాక, ఊళ్ళనూ పొలాలనూ కాచే ఏటిగట్లు ఇంజనీర్ల బాధ్యత కాగా, గట్ల లోపల నది మధ్య ఉండే లంక గ్రామాల ప్రజలను తరలించే భారం రెవెన్యూ యంత్రాంగంపై పడింది. ఒకే నీటిమట్టాన్ని చూసి ఇంజనీరు గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో ఆలోచిస్తే, తహసీల్దారు ఏ లంకకు ఎన్ని పడవలు పంపాలో లెక్క వేసుకోవాలి. ఈ రెండు ఆలోచనలు ఏ ఘడియలో కలుస్తాయన్నదే ప్రాణాలను నిర్ణయిస్తుంది.

1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీరు 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరు, సముద్రంలోకి పోయింది. ఆ తర్వాత గట్ల ఎత్తుకు ఆ వరదే కొలమానమైంది. అయినా అంతకన్నా చిన్నదైన 2006 వరదలో గండ్లు పడ్డాయంటే, గట్టు ఎత్తు ఒక్కటే సరిపోదని, రాత్రింబవళ్ళు దానిపై తిరిగే లస్కర్ల కాపలా, వారి కబురు అందుకునే అధికారి కూడా అంతే అవసరమని గ్రహించాలి.

భద్రాచలం అంకెకూ ఒక పరిమితి ఉంది. ఉపనది శబరి భద్రాచలానికి దిగువన, కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది కాబట్టి ఆ నీరు భద్రాచలం లెక్కలోకి రాదు. పైగా గోదావరి ఉధృతంగా ఉంటే శబరి వెనక్కి ఎగదన్ని చింతూరు దాకా ముంచుతుంది. 2014 రాష్ట్ర విభజనతో భద్రాచలం పట్టణం తెలంగాణలోనూ, కూనవరం, చింతూరు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉండటంతో ఈ చిక్కు మరింత ముదిరింది. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీరు 71 అడుగులు దాటినప్పుడు, ఆ పట్టణాన్ని ఆనుకునే ఉన్నా ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చే ఎటపాకకు అప్పటి జిల్లా కేంద్రం కొండల అవతల, ఎంతో దూరాన ఉన్న పాడేరు.