కావేరి డెల్టాలో నదీగర్భ రక్షణము

తంజావూరు సీమలోని తెలుగువారి చరిత్రను రాజవంశములతో ప్రారంభించుట పరిపాటి. సేవప్ప నాయకునితో మొదలై 1673 వరకు సాగిన నాయకరాజ్యమును, మేలట్టూరు అగ్రహారమును, తిరువయ్యారున వెలసిన త్యాగరాజస్వామిని (1767–1847) స్మరింతుము. కాని ఆ అగ్రహారములకు అన్నము పెట్టినది కావేరి. ఆ కావేరిని నిలిపినది నదీగర్భమును అదుపున ఉంచిన రాతిపని.

శ్రీరంగమునకు ఎగువన ముక్కొంబు వద్ద నది రెండుగా చీలును. దక్షిణపు పాయ కావేరి. ఉత్తరపు పాయ కొల్లిడము. కొల్లిడమునకు సముద్రము దగ్గర, వాలు ఎక్కువ. కనుక నీరు వేగముగా పాఱి గర్భమును కోయును. కోసిన కొలది మఱింత నీటిని తనవైపు లాగుకొనును. వాలు తక్కువైన కావేరిలో ఒండ్రు మేటవేయును. 19వ శతాబ్ది తొలిదశలో డెల్టా పొలములకు నీరు కొఱవడుటకు ఇది ముఖ్యకారణము.

1836లో ఆర్థర్ కాటన్ కొల్లిడమునకు అడ్డముగా ఎగువ ఆనకట్టను కట్టించెను. నీరు కావేరికి మఱలెను. కాని ఈసారి కావేరి గర్భమే కోతకు లోనయ్యెను. అందువలన 1840 దశకములో ఆనకట్ట మధ్యభాగమును కొంత తగ్గించి, కావేరి ముఖమున రాతికట్టడముతో నదీతలమును స్థిరపఱచిరి. ఒక పాయను కట్టినచో రెండవ పాయ స్వభావము మాఱునని ఇందువలన తెలియుచున్నది.

ఇసుకపై పునాది నిలుపు విద్యకు కల్లణై గురుపీఠము. కరికాలచోళుని పేరిట ప్రసిద్ధమైన ఈ కట్టడమున పెద్ద రాళ్లను ఇసుకలోనికి దిగనిచ్చి, వానిపై మఱల రాళ్లు పేర్చిరి. ఈ పాఠమును దేశీయులనుండియే నేర్చితిమని కాటన్ అంగీకరించెను. 1847–1852 నడుమ ధవళేశ్వరమున గోదావరి ఆనకట్టను కట్టినపుడు ఆ అనుభవమే తోడ్పడెను. కావేరి తీరమున తెలుగువారు కుడిచిన ఋణమునకు కావేరి మఱియొక మేలు చేర్చి, గోదావరి తీరమునకు పంపినది.

అయినను రాతిపని ఒకసారి చేసి మఱచునది కాదు. ఆనకట్టపైనుండి దుమికిన నీరు దిగువన గుంట త్రవ్వును. అచ్చటి రాతిపరుపు కదలినచో గోడ పాదము బయటపడును. దిగువన ఇసుకను మితిమీఱి తీసినను గర్భము క్రుంగి, వంతెనల స్తంభములకు పట్టు తగ్గును. 2018 ఆగస్టు వరదలలో తిరుచ్చి వద్ద 1928 నాటి పాత కొల్లిడము వంతెన స్తంభములు కూలెను; ఆ నెల 22వ తేదీ రాత్రి ముక్కొంబు వద్ద ఎగువ ఆనకట్ట తలుపులు తొమ్మిది కొట్టుకొనిపోయెను.

గోడ ఎత్తును మాత్రమే చూచుట చాలదు. ఏటేట దాని పాదమును, దిగువ గర్భమును కొలిచి, జాఱిన రాళ్ల స్థానమున రాళ్లు వేయించుట అవసరము. కావేరి తీరమున స్థిరపడిన మనవారి గ్రామములకును, గోదావరి డెల్టాలోని యానామునకును ఈ ధర్మము ఒక్కటే.