బొంత చెప్పెడి చరిత్ర

క్రొత్తగా సూది చేతబట్టిన బాలిక మొట్టమొదట దేనిని కుట్టవలెను? చేతిరుమాలు కుట్టుమని కొందరు, దిండు గలీబు కుట్టుమని కొందరు చెప్పుదురు. మన పల్లెలలో పూర్వము ఈ ప్రశ్నకు తావులేకుండెను. ఇంట చినిగిన చీరలుండెడివి; చలికాలమునకు బొంత కావలసి యుండెడిది. అవ్వ యొక ప్రక్క కుట్టుచుండగా మనుమరాలు రెండవ ప్రక్క కూర్చుండి కుట్టెడిది. సూదిని పైకొకసారి, క్రిందికొకసారి దూర్చుచు వంకర లేకుండ నడుపుటయే ఆమె నేర్చిన తొలిపాఠము. ఇంత సామాన్యమైన ఈ పాఠమునకు వేలయేండ్ల చరిత్ర కలదు. అయితే ఆ చరిత్రను కుట్టిన చేతులలో అనేకము పేరు లేని చేతులు. వారిని గూర్చియే ఈ ప్రసంగము.

బొంతను సంస్కృతమున కంథ యందురు. పాతగుడ్డలను పొరలుపొరలుగ పేర్చి, అతుకులు వేసి కుట్టిన దానికే ఆ పేరు. మన దేశమున సన్న్యాసికిని సంసారికిని ఉమ్మడిసొత్తయిన వస్త్రమిది. బౌద్ధభిక్షువులు పారవేసిన గుడ్డపేలికలను ఏరి, ఉతికి, అతికి చీవరములు కుట్టుకొనెడివారు. బుద్ధభగవానుడు మగధదేశపు వరిమడులను, వాని నడుమనున్న గట్లను ఆనందునకు చూపి, చీవరమును ఆ తీరున కుట్టుమని చెప్పినట్లు వినయపిటకమున కలదు. అమరావతి, నాగార్జునకొండ విహారములలో భిక్షువులు వసించిన కాలమున మన కృష్ణాతీరముననుగూడ ఈ అతుకుల వస్త్రము గౌరవము నొందినది. పేదయింట లేమిచే ధరింపబడినది, విహారమున వైరాగ్యముచే ధరింపబడినది.

ఇట్టి కుట్టుపనికి మిక్కిలి పురాతనమైన ఆనవాళ్ళు ఎండనేలలలోను, మంచునేలలలోను దొరకినవి. మంగోలియాలోని నోయిన్ ఊలా సమాధులలో 1924వ సంవత్సరమున రష్యా అన్వేషకుడు కొజ్లోవ్ బృందము త్రవ్వకములు జరుపగా, సుమారు రెండువేల యేండ్లనాటి కుట్టుపని గల ఉన్నితివాచి బయల్పడెను. చైనాలోని దున్‌హువాంగ్ గుహలనుండి ఆరెల్ స్టెయిన్ 1907లో సేకరించిన వస్తువులలో చిన్నచిన్న పట్టుముక్కలను అతికి కుట్టిన వస్త్రమున్నది. మన పల్లెబొంతలు అట్లేల నిలువలేదు? మనది వానలు కురియు దేశము. నూలుగుడ్డ చెమ్మకు చివుకును. అంతేకాదు, బొంతను పెట్టెలో దాచెడివారు లేరు. చీర చినిగి బొంతయగును, బొంత చినిగి కాలితుడుపు గుడ్డయగును. కడపటి పోగువరకు ఉపయోగపడుటయే దాని ధర్మము. ఆ ధర్మమే దాని చరిత్రకు ముప్పయ్యెను.

వంగదేశమున మాత్రము ఈ చరిత్ర కొంత నిలిచినది. అచ్చటి స్త్రీలు పాతచీరలను పొరలుగ పరచి, ఆ చీరల అంచులనుండియే రంగుదారములను లాగి, పద్మములు, ఏనుగులు, పల్లకీలు, చేపలు మొదలగువానిని కుట్టెడివారు. ఇదియే నక్షీ కాంథా. ప్రభుత్వోద్యోగియైన గురుసదయ్ దత్తు (1882–1941) పల్లెలు తిరిగి వీనిని సేకరించెను. కళాశాస్త్రజ్ఞురాలు స్టెల్లా క్రామ్రిష్ 1939లో వీనిని గూర్చి పాండిత్యముతో గూడిన వ్యాసము ప్రకటించెను. దత్తు సేకరణలోని ఒక కాంథాపై మానదాసుందరి యను నామె తన పేరునే దారముతో కుట్టినది. దానిని తన తండ్రికి కానుకగ నొసగినట్లు తెలియుచున్నది. వేలాది కాంథాలలో పేరు నిలుపుకొన్నవి కొలదియే.

కన్నడదేశమున ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలను వారు కలరు. వారు ఆఫ్రికానుండి మన దేశమునకు కొనిరాబడినవారి సంతతి. వారి స్త్రీలు కుట్టెడి బొంతకు కవందియని పేరు. పాతబట్టలముక్కలను అంచునుండి మొదలుపెట్టి చుట్టును తిరుగుచు నడిమికి కుట్టుకొని పోదురు. నాలుగు మూలలయందును మడతపెట్టిన చిన్నముక్కలను కుట్టుదురు. వానిని ‘ఫూల’, అనగా పూవులందురు. ఆ పూవులు లేనిదే కవంది పూర్తియైనట్లు కాదని వారి నమ్మకము.

తెలుగువారి అద్దకపుగుడ్డయు పరదేశపు బొంతలలో చేరినది. ఇంగ్లీషువారి కుంపిణీ 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పెను. చిరువేరుతో ఎరుపెక్కిన మన కలంకారీ పక్కదుప్పట్లు ఐరోపాలోని గృహిణుల మనసు దోచినవి. తమ నేతగాండ్ర బ్రతుకు చెడునని ఫ్రాన్సు 1686లో అద్దకపుగుడ్డలను నిషేధించెను. ఇంగ్లండు 1700, 1721లలో శాసనములు చేసెను. అయినను మోజు తీరలేదు. తరువాతి కాలమున ఇంగ్లండులోను, అమెరికాలోను స్త్రీలు అద్దకపుగుడ్డలోని పూవులను, పక్షులను కత్తిరించి, తెల్లగుడ్డపై అతికి, బొంతలు కుట్టుకొనిరి. గుడ్డ చినిగినను పూవు వాడలేదు.

ఇక అమెరికాలోని హారియెట్ పవర్సు కథ వినవలెను. ఈమె 1837లో జార్జియా రాష్ట్రమున బానిసగ జన్మించెను. స్వేచ్ఛ లభించిన పిమ్మట బైబిలు కథలను పదునొకండు గడులలో గుడ్డముక్కలతో చిత్రించి బొంత కుట్టెను. అది 1886లో ఏథెన్సు పట్టణపు ప్రత్తిసంతలో ప్రదర్శింపబడెను. జెన్నీ స్మిత్తను చిత్రలేఖనోపాధ్యాయిని దానిని చూచి కొనగోరగా, ఎంత వెలకును ఇయ్యనని పవర్సు చెప్పెను. కొన్నియేండ్లకు ఇంట ఇబ్బంది కలిగెను. పది డాలర్లడిగి, ఐదు డాలర్లకు ఇచ్చివేయవలసి వచ్చెను. ఇచ్చునప్పుడు ఒక్కొక్క గడిలోని కథను వివరించి చెప్పగా, కొన్నయామె వ్రాసికొనెను. అటుపిమ్మట పవర్సు తన బొంతను చూచుకొనుటకు పలుమారులు ఆ యింటికి వచ్చెడిదట! నేడది వాషింగ్టనులోని స్మిత్సోనియను ప్రదర్శనశాలలో నున్నది. కొన్నయామె ఆ మాటలు వ్రాసికొనకున్న, అది గూడ పేరులేని మరియొక పాతగుడ్డగనే మిగిలిపోయెడిది.

ఇందువలన మనము గ్రహింపవలసిన దొక్కటి. బొంతను కాపాడునది అద్దాలబీరువా మాత్రమే కాదు. దానితోపాటు నిలిచిన మాట. మీ యింట పాతపెట్టెలో అవ్వ కుట్టిన బొంత యున్నయెడల, పారవేయకముందు ఇంటి పెద్దలనడుగుడు: ఈ నీలిముక్క యెవరి చీర? ఈ తెల్లపొర యెవరి పంచె? కుట్టినదెవరు, ఏ చలికాలమున? చెప్పగలవారు ఉండగనే అడుగుట మేలు.

క్రొత్తగా సూది పట్టిన బాలికలకు తొలిపనిగ చంటిబిడ్డ పక్కకు సరిపడు చిన్నబొంత యుక్తము. మెత్తబడిన నూలుచీరలు మూడు నాలుగు పొరలుగ ఉతికి, ఆరవేసి, చదునైన నేలపై ముడుత లేకుండ పరచి, మూలలందు బరువులుంచవలెను. విడివిడిగ టాకాలు వేసిన పిమ్మట వ్రేలెడు ఎడముతో వరుసలు కుట్టవలెను. సిద్దీ స్త్రీలు అంచునుండి లోనికి పోదురు గాని, క్రొత్తవారికి నడిమినుండి అంచులకు పోవుట సులభము. ముడుతలు వెలుపలికి జారిపోవును. తొలివరుస వంకరయైనను విప్పవలదు. అది నేర్చిననాటి గురుతు. పని ముగిసిన పిమ్మట ఒక మూల మీ పేరును, సంవత్సరమును, ఆ చీరలు ధరించినవారి పేరును దారముతో కుట్టుడు. మన అవ్వలు విడిచిన మూల అదియే.