తడ తీరమున వర్తకముద్రలు: నాణెములు, బిళ్ళలు, కల్లకాసులు

నాణెము రాజుది, బిళ్ళ వర్తకునిది యని లోకులు తలతురు. దేశమున చాలచోట్ల నీ విభాగము చెల్లును గాని తడ ప్రాంతమున చెల్లదు. ఈ తీరమున నాణెములు ముద్రించినవారిలో వర్తకులే యొక ముఖ్యవర్గము. కావున నిచ్చట రాగితునుక యొకటి దొరికినచో, అది యే రాజు కాలపుదని యడుగుటకు ముందు, ఏ వర్తకుని గుర్తు గలదని యడుగుట యుక్తము.

తడ పులికాటు సరస్సునకు, అనగా ప్రళయకావేరికి, పడమటి వైపున నున్నది. 2022 ఏప్రిలు వరకు నెల్లూరు జిల్లాలో నుండి పిమ్మట తిరుపతి జిల్లాలో చేరినది. దీనికి దక్షిణమున పులికాటు రేవు గలదు. విజయనగర ప్రభువగు వేంకటపతిరాయల యనుజ్ఞతో 1610లో డచ్చివారచ్చట నిలిచి, 1613లో గెల్డ్రియా కోటను కట్టిరి. ఉత్తరమున దుగరాజపట్నముకడ నాంగ్లేయులు 1626లో పండసాల నెలకొల్పి, కొలది యేండ్లకే దానిని విడిచి చెన్నపట్నమునకు తరలిరి. ఈ యుభయులును బట్టలు కొని యోడల కెక్కించు వర్తకసంఘములవారే కాని రాజులు గారు.

డచ్చివారి గుర్తు మూడక్షరముల కూర్పు. 'వి' అను నక్షరపు రెండు చేతులపై 'ఓ', 'సి' అనునవి యల్లుకొని యుండును. పులికాటులో ముద్రింపబడిన వారి రాగికాసులపై నిదియే కానవచ్చును. ఆంగ్లకుంఫిణీ గుర్తు హృదయాకారము. దానిని గీతలతో నాలుగు గదులుగ విభజించి, గది కొక్క యక్షరము చొప్పున 'వి, ఇ, ఐ, సి' అని వ్రాసి, తలపై నాలుగంకె వంటి గీత నిలుపుదురు. ఇది పుట్టుకచే నాణెపు చిహ్నము గాదు. ఓడలోని బట్టలమూటలలో తమవి గుర్తుపట్టుటకై కుంఫిణీవారు వేయు మూటముద్ర. 1794లో ఉత్తరసర్కారుల కొరకు బర్మింగుహాము చెంత మాథ్యూ బోల్టను సోహో టంకశాలలో ముద్రించిన రాగినాణెములపై ఒకవైపున నీ మూటముద్రయు, వేరొకవైపున కుంఫిణీవారి యాయుధచిహ్నమును గలవు. రూపాయకు నలువదియెనిమిది యని వానిపై నాంగ్లమున వ్రాయబడినది. ఇదియే తెలుగువారి డబ్బు. ఆ టంకశాలయే యా దశాబ్దములో నింగ్లండులోని వర్తకులకు బిళ్ళలను గూడ ముద్రించి యిచ్చుచుండెను. ఒకే యంత్రము, ఒకే రాగి. ఒకటి నాణెమయ్యెను, ఒకటి బిళ్ళయయ్యెను.

బంగారము విషయమున కుంఫిణీవారి నడక వేరు. వేంకటపతిరాయల వరహాపై తిరుమలేశుని మూర్తియు, నాగరాక్షరములలో 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అనియు గలవు. చెన్నపట్నపు కుంఫిణీవారు తమ వరహాలపై స్వామిని దేవేరులిరువురతో ముద్రించిరి. రాగిపై తమ మూటముద్ర, బంగారముపై ప్రజల దైవము! సాహుకారులు నమ్మని బంగారము చెల్లదని వారెరుగుదురు. పిమ్మట 1807, 1808 ప్రాంతముల వెండి యర్ధవరహాలపై గోపురమును, విష్ణుమూర్తియు నుండుటయే గాక, తెలుగు, అరవము, పారసీకము, ఆంగ్లము నాలుగును గలవు. కాబట్టి దేవతామూర్తి యున్నంతమాత్రమున కుంఫిణీనాణెము గాదనుట పొరపాటు.

అయినను మోసమంతయు నిచ్చటనే పుట్టుచున్నది. '1818' అని, 'ఈస్టిండియా కుంఫిణీ' అని, 'ఒక అణా' అని వ్రాసి, సీతారామలక్ష్మణులనో హనుమంతునో ముద్రించిన రాగిబిళ్ళలను లక్షల వెలగలవని చెప్పి యమాయకుల కంటగట్టుదురు. కుంఫిణీవా రట్టి యణాను ఎన్నడును ముద్రింపలేదు. ఒంటి యణానాణెము తొలుత వెలువడినది 1907లో, ఎడ్వర్డు చక్రవర్తి కాలమున; అదియు రాగిది గాదు, నికెలు కలిసినది. ఈ బిళ్ళలు పూజకును యాత్రాస్మృతికిని చేసినవి. పూజామందిరమున నుంచుకొనుటకు దోషము లేదు. పొలమమ్మి కొనుట దోషము.

నిజమైన వర్తకబిళ్ళ కాలమును నిర్ణయించుటకు శాసన మొకటి తోడ్పడును. 1889లో లోహపుబిళ్ళల చట్టము వచ్చి, ద్రవ్యముగా చెల్లుటకై లోహఖండములను ప్రభుత్వానుజ్ఞ లేక చేయుటను నిషేధించెను. ఇది 2011 నాణెముల చట్టముతో రద్దయ్యెను. కావున నా నడిమికాలపు అంగడిబిళ్ళపై వెల వ్రాయుటకంటె పేరో, ఊరో, సరకో వ్రాయుట క్షేమము. సింహళమున నీ చట్టము లేదు. అచ్చట కొలంబోలోని జార్జి స్టూవర్టు వర్తకులు 1843 అని వేసిన బిళ్ళలను తమ కాఫీకొట్టు పనివారి కొరకు చేయించిరి.

వెలకట్టుటలో లోహపు ధర కడపటిది. అరుదుదనము, అక్షరముల స్పష్టత, దొరికిన చోటు ముఖ్యములు. 1808 నాటి పదికాసుల నాణెము గట్టియైన యుదాహరణము. ఇట్టి నాణెముల నెక్కించుకొని చెన్నపట్నమునకు బయలుదేరిన 'అడ్మిరల్ గార్డ్‌నర్' అను నోడ 1809లో ఇంగ్లండు చెంత గుడ్విను ఇసుకతిన్నెలపై మునిగెను. 1984, 1985 సంవత్సరములలో దానినుండి లక్షలకొలది నాణెములు వెలికివచ్చుటతో, అంగడిలో దాని వెల స్వల్పమయ్యెను. అవి యీ తీరమును చేరనే లేదు. తడ పొలమున నరిగిపోయి దొరకు నట్టిదే చరిత్రకు మిక్కిలి విలువగలది. అది యిచ్చట చేతులు మారినది.

ఆ విలువను చెరుచువారు దొంగలొక్కరే గారు. చింతపండుతో, బూడిదతో రాగిని తళతళలాడునట్లు తోముట మన యిండ్ల యాచారము. చెంబునకది మేలు, నాణెమున కది మరణము. శతాబ్దముల చిలుముతోబాటు సన్నని గీతలును తొలగి, డచ్చివారి 'ఓ'కును 'సి'కిని భేదము తెలియకపోవును. కాసులపేరునకై రంధ్రము చేసినచో, ముద్ర సరిగ నడుమనే యుండుటచే అదియే ముందు పోవును. ఒక తునుక నిజము తెలియుటకు తోమనక్కరలేదు. తూచిన చాలును: ఇరువదికాసుల నాణెము తొమ్మిది గ్రాములకు పైగా తూగును, పదికాసులది దానిలో సగము. పోతపోసినదాని యంచున అచ్చుల యతుకుగీత కానవచ్చును; ముద్రించినదానికి గానరాదు.

భూమిలో దాగిన నిధి పదిరూపాయలకు మించిన వెలగలదైనచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపశాసనము విధించెను. పలువురు దీనికి భయపడి రాగిని కంచరివానికి తూకమున కమ్ముదురు. బడిపిల్లలు తెచ్చి చూపు తునుకలను ఉపాధ్యాయులు తోమింపక, ఒక కాగితమున మడిచి, ఊరి పేరు, పొలము పేరు, ఎంత లోతున దొరికినది, దానితో కలిసి పెంకులో పూసలో యేమైన నుండినవా యనునది వెనువెంటనే వ్రాసియుంచవలెను. ఆ కాగితము లేని నాణెము పులికాటుదో, చెన్నపట్నముదో ముద్రనుబట్టి చెప్పవచ్చును గాని, అది తడకు ఎట్లు వచ్చినదో చెప్పుట సాధ్యము గాదు.